కమలాంబ టీచరు పెట్టిన గడువు

కమలాంబ టీచరుకు లోకంలో ఏ వస్తువును చూసినా ఒకటే ధ్యాస: దీన్ని మట్టిలో పూడిస్తే కుళ్ళడానికి ఎన్నాళ్ళు పడుతుంది? ప్రశ్న ఎదుటివాళ్ళకు తట్టకముందే జవాబు ఆవిడ నోట్లోంచి ఊడిపడుతుంది. పెళ్ళికి వెళితే నలుగురూ పెళ్ళికూతురి చీర ఎక్కడ కొన్నారని అడుగుతారు. ఈవిడ ఆ చీర చెంగు రెండు వేళ్ళ మధ్య నలిపి, "పట్టు పద్నాలుగు నెలలు. జరీ మాత్రం మొండిది, అది పోదు" అని ఆశీర్వదించి అక్షింతలు వేస్తుంది. పరామర్శకు వెళ్ళినచోట మాత్రం నోరు కట్టుకుంటుంది, ఆ మాత్రం లౌక్యం ఉంది. అలాంటిచోటికి వాళ్ళాయన ఆవిణ్ణి వెంట తీసుకుపోడని కూడా ఒక మాట ఉంది.

జార్జి టౌనులో చేతిబండ్లూ సిటీ బస్సులూ ఒకదాన్నొకటి తిట్టుకునే సందులో ఉన్న తెలుగు బడిలో ఆవిడ ముప్పై ఏళ్ళుగా సైన్సు చెబుతోంది. ఆ బడిలోకి జూన్‌లో ఇంద్రజ వచ్చింది. ఊరు భీమవరం. మొగుడికి పెరుంగుడిలో సాఫ్ట్‌వేరు ఉద్యోగం. జువాలజీలో యూనివర్సిటీకే మొదటి ర్యాంకు. కానీ తమిళం ముక్క రాదు కనక మద్రాసులో పదకొండు బడులు ఆమెకు నమస్కారం పెట్టి పంపించేశాయి. పన్నెండోది ఈ తెలుగు బడి. ఇక్కడా ఉద్యోగం తాత్కాలికమే. డిసెంబరులో బడి కమిటీ ముందు ఒక పాఠం చెప్పి మెప్పిస్తే ఖాయం, లేకపోతే ఏప్రిల్‌తో సెలవు.

మొదటిరోజు స్టాఫు రూములో కమలాంబ టీచరు ఆమెను ఎగాదిగా చూసింది.

"హ్యాండుబ్యాగు నాలుగొందల ఏళ్ళు. చెప్పులు, ఊఁ, ఆ కథ వద్దులే. చీర నూలుదేనా?"

"నూలుదేనండి."

"ఐదు నెలలు. పరవాలేదు, మంచి పిల్లే."

ఇంద్రజకు తనను తిట్టారో మెచ్చుకున్నారో అర్థం కాలేదు. పక్కనున్న టీచరు, "మెచ్చుకున్నారు, కుళ్ళేదే గొప్పదని ఆవిడ సిద్ధాంతం" అని చెవిలో చెప్పింది. ఆ సిద్ధాంతం ప్రకారం లోకంలోకెల్లా ఉత్తమమైన వస్తువు అరటిపండు తొక్క. అధమాధమం హెడ్‌మాస్టరు అమరనాథ్‌గారు కొత్తగా కొనుక్కున్న రెక్సిను సోఫా. ఆ గదిలోకి వెళ్ళినప్పుడల్లా కమలాంబ టీచరు నిలబడే మాట్లాడుతుంది. హెడ్‌మాస్టరు దాన్ని గౌరవం అనుకుంటాడు.

బడి కమిటీ కార్యదర్శి వెంకట్రామ్‌గారిది ప్లాస్టిక్ బకెట్ల హోల్‌సేలు. ఆయన వార్షికోత్సవానికి ఒక బకెట్టు బహూకరిస్తే కమలాంబ టీచరు దాన్ని తలకిందులు చేసి, గోటితో గీకి, "వెయ్యేళ్ళు" అంది. ఆయన అది గ్యారంటీ అనుకుని పొంగిపోయాడు. ఆ ఏడాదంతా కొట్లో ప్రతి బేరగాడికీ, మా బడి సైన్సు టీచరమ్మే చెప్పిందని చెప్పుకున్నాడు.

ఇక ఆవిడ రాజ్యం గురించి చెప్పాలి. బడి వెనక, నీళ్ళ ట్యాంకుకూ ప్రహరీకీ మధ్య పది అడుగుల మట్టి జాగా మిగిలి ఉంది. జార్జి టౌనులో పది అడుగుల మట్టి అంటే మాటలు కాదు. అక్కడ వరసగా పుల్లలు పాతి, ఒక్కో పుల్లకూ ఒక అట్టముక్క కట్టి ఉంటుంది. "ఇడ్లీ, రెండు వారాలు." "నూలు మేజోడు, ఐదు నెలలు." "పరీక్ష కాగితం, ఆరు వారాలు." పిల్లలు దాన్ని శ్మశానం అంటారు. ప్రతి శుక్రవారం ఆరో తరగతి అక్కడికి వెళ్ళి, గడువు తీరినవాటిని తవ్వి చూస్తుంది. గడువు తీరకుండా తవ్వడం మహాపాపం. ఎంత తవ్వినా చెక్కుచెదరకుండా బయటికి వచ్చేది ఒక చిప్స్ పొట్లం. దాన్ని ఆవిడ ఏటా పిల్లలకు పరిచయం చేస్తుంది.

"ఈ అబ్బాయి పదిహేనేళ్ళుగా ఆరో తరగతే. పై క్లాసుకి పోడు, బడి వదలడు. నమస్కారం పెట్టండి, సీనియరు."

మట్టికి ప్రాణముందని నిరూపించడానికి ఒకసారి మధ్యాహ్న భోజనం వండే మూకుట్లో మట్టి వేయించింది. వేయించిన మట్టి ఒక సీసాలో, పచ్చి మట్టి ఒక సీసాలో, రెండింట్లోనూ ఒకే చెట్టు ఆకు. నెల తర్వాత పచ్చి మట్టిలో ఆకు ఈనెలు తప్ప మిగల్లేదు. వేయించినదాంట్లో ఆకు అలాగే ఉంది. "చూసినారా? ఈ సీసాలో వంటవాళ్ళుండారు. బూజు, కంటికి కనబడని సూక్ష్మజీవులు, వానపాములు. ఆకును తిని, అరిగించి, చెట్టుకు మళ్ళీ అన్నం చేసి పెడతారు. ఈ సీసాలో వంటవాళ్ళందరినీ నేనే వేయించి చంపేసినాను. వంటవాడు లేని ఇంట్లో చెట్టేం తింటాది?" పిల్లలు జన్మలో మరిచిపోరు. ఆవేళ సాంబారు తిన్న హెడ్‌మాస్టరు కూడా మరిచిపోలేదు.

ఇవన్నీ ఇంద్రజకు ముచ్చటగానే ఉండేవి. ఒక్కటే బాధ. ఆ మట్టి దగ్గరికి ఆమెను రానిచ్చేది కాదు. శుక్రవారం పిల్లల వెనకాల ఆమె అటు రెండడుగులు వేసిందంటే చాలు, కమలాంబ టీచరు కేక పెట్టేది.

"ఏమ్మా, ఆడనే నిలబడు! నా మట్టి ముట్టుకోబాక! కొత్త చేతులు తగిల్తే నా వానపాములు అలుగుతాయి."

"నేనూ సైన్సు టీచర్నేనండి."

"అవి సర్టిఫికెట్లు చదవవులే. నువ్వు ఆడ నిలబడి పేర్లు రాసుకో."

నలభై రెండు మంది పిల్లల ముందు, వారం వారం ఇదే. ముసలావిడకు తనంటే అసూయ అని ఇంద్రజ తేల్చేసుకుంది. స్టాఫు రూము కూడా ముక్తకంఠంతో అదే తేల్చింది. ఇంటికెళ్ళి మొగుడి దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంది కూడా. అయితే మొగుడికీ చెప్పని మాట ఒకటుంది. ఆ కేక వినగానే ఆమె గుండె దడ తగ్గి, ప్రాణం హాయిగా కుదుటపడేది.

ఎందుకంటే జువాలజీలో మొదటి ర్యాంకు ఇంద్రజకు వానపామంటే చచ్చేంత భయం. వాళ్ళ కాలేజీలో కోతలన్నీ కంప్యూటరు తెరమీదే జరిగాయి. మౌసు పట్టుకుని తెరమీద వానపామును నిలువునా కోసి నూటికి తొంభై ఎనిమిది తెచ్చుకుంది. అసలు వానపాము మెలికలు తిరుగుతుందని, తడిగా ఉంటుందని ఆ తెర ఆమెకు చెప్పలేదు. బళ్ళో చేరిన కొత్తల్లో ఒక సాయంత్రం వాన కురిసి వరండాలోకి ఒక వానపాము వచ్చింది. ఇంద్రజ ఖాళీ క్లాసులోకి పరిగెత్తి బెంచీ ఎక్కి నిలబడింది. ఎవరూ చూడలేదు, అదృష్టం. వానపామంటే భయపడే సైన్సు టీచరని తెలిస్తే ఉద్యోగం సంగతి సరే, మద్రాసు నుంచి భీమవరం దాకా నవ్విపోరూ?

ఇంతలో ఆయుధపూజ వచ్చింది. జార్జి టౌనులో ఆయుధపూజ అంటే ప్రతి కొట్టు ముందూ, ప్రతి బండి ముందూ బూడిద గుమ్మడికాయకు కుంకుమ పట్టించి దిష్టి తీసి, నడిరోడ్డు మీద పగలగొట్టడమే. మర్నాడు సందు సందంతా ఎర్రటి ముక్కలు. వాటిని తొక్కడానికి భయం, తాకడానికి భయం. కమలాంబ టీచరుకు మాత్రం అది పెళ్ళిభోజనం. చిన్నతంబి అనే అతని మూడు చక్రాల బండి మాట్లాడుకుని, తెల్లవారేసరికి కొంగు బిగించి బయల్దేరుతుంది. ఈసారి బండి మూడు సార్లు తిరిగింది. గుమ్మడి ముక్కలూ అరటి పిలకలూ బంతిపూలూ కొండలా పోసి, పైన మట్టి కప్పి, పుల్ల పాతింది: "దిష్టి గుమ్మడికాయలు, మూడు వారాలు."

ఆ అట్టముక్కే కొంప ముంచింది. అంతకు ముందు ఏళ్ళలో "గుమ్మడికాయ" అని ఊరుకునేది. ఈసారి సత్యసంధత ఎక్కువై పూర్తి పేరు రాసింది. ఆరో తరగతి ధన్య అది చదివి ఇంట్లో చెప్పింది. ధన్య వాళ్ళ నాన్న బాబుకు పెళ్ళిపత్రికల అంగడి. మర్నాడు పొద్దున్నే ఇరవై మందిని వెంటేసుకుని బడికి వచ్చాడు.

"సార్, ఊరి దిష్టంతా తెచ్చి పిల్లకాయల మధ్య పూడ్చిపెడతారా? మా అంగడి ముందర కొట్టిన కాయ కూడా ఈడనే ఉండాది. నేను గుర్తుపట్టినాను!"

అమరనాథ్‌గారు ఫిజిక్సు ఎమ్మెస్సీ. దిష్టి లేదని ఆయనకు తెలుసు. కానీ క్వార్టర్లీ పరీక్షల్లో లెక్కల మార్కులు ఎందుకో పడిపోయాయని కూడా తెలుసు. ఆయన ఇంద్రజను గదిలోకి పిలిచాడు.

"నాకు ఇట్లాంటివి నమ్మకం లేదమ్మా. కానీ నమ్మనివాడికి దిష్టి తగలదని గ్యారంటీ ఏముంది చెప్పు? శనివారం ఆ జాగాకి సిమెంటు పోయించేస్తాను. నీ డిసెంబరు పాఠం ఆ మట్టి దగ్గర అనుకున్నాం కదా, అది స్మార్ట్ బోర్డు మీద చెప్పేయ్. కుళ్ళబెట్టే విచ్ఛిన్నకారులు, వానపాములు, అన్నీ వీడియోలో చూపించు."

"అయ్యో, అలాగా సార్" అని ఇంద్రజ ముఖం దిగులుగా పెట్టింది. ఆ సాయంత్రం బీచ్ స్టేషన్లో రైలెక్కి, కిటికీ పక్కన కూర్చుని, మైలాపూరు దాకా తనలో తాను నవ్వుకుంది. తర్వాత సిగ్గేసింది. పది అడుగుల మట్టిని సిమెంటు కింద పాతిపెడుతుంటే తను సంతోషిస్తోందని సిగ్గు.

శుక్రవారం తల్లిదండ్రుల మీటింగు. కమలాంబ టీచరు ఒక జోలెడు మట్టి తెచ్చి హెడ్‌మాస్టరు బల్లమీద పోసి, సోఫా వైపు చూడకుండా నిలబడింది. ఆవిడకు దిష్టి మీద ఆవగింజంత నమ్మకం లేదు. కానీ ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠం చెప్పిన మనిషి, ఎదుటివాడికి తెలిసినదాంట్లోంచే తెలియనిది చెప్పాలని ఆవిడకు తెలుసు.

"బాబూ, నువ్వు కూడా ఈడ చదివినోడివే కదా. నేనడిగేదానికి చెప్పు. దిష్టి యాడుండాది?"

బాబు అలవాటుకొద్దీ లేచి నిలబడ్డాడు. "గుమ్మడికాయలో, టీచర్."

"గుమ్మడికాయ యాడుండాది?"

"గుంటలో."

"గుంటలో గుమ్మడికాయను తినేదెవరు?"

"బూజు, సూక్ష్మజీవులు, వానపాములు."

"అవి కాయను తినేస్తే, కాయలో ఉండే దిష్టిని ఎవురు తిన్నట్టు?"

బాబు బల్లమీది మట్టివైపు చూశాడు.

"రోడ్డు మీదనే వదిలేస్తే ఏమవుతాది? ఆటో టైరుకి అంటుకుంటాది, లారీ టైరుకి అంటుకుంటాది, రాయపురం దాకా పోయి, సాయంత్రానికి తిరిగి మీ అంగడి ముందరికే వస్తాది. ఈడైతే మూడు వారాలు. దిష్టీ మిగలదు, గుమ్మడికాయా మిగలదు. ఇదో, పోయినేటి దిష్టి ఇదే. వాసన చూడు."

మట్టి చేతులు మారింది. వాన పడ్డప్పటి వాసన తప్ప దాంట్లో ఏమీ లేదు. బాబు రెండోసారి వాసన చూసి, "నిజమే టీచర్, ఏమీ లేదు" అన్నాడు. మీటింగు ముగిసింది. సిమెంటు బస్తాలు వెనక్కి వెళ్ళిపోయాయి.

హెడ్‌మాస్టరు ఊపిరి పీల్చుకున్నది రెండు రోజులే. సోమవారం నుంచి జార్జి టౌను తన దిష్టిని బడికి పంపడం మొదలుపెట్టింది. కొట్ల ముందు వేలాడదీసిన నిమ్మకాయలూ మిరపకాయలూ, పిల్లలకు తీసిన ఉప్పూ, కొత్త బండికి కొట్టిన కొబ్బరికాయలూ గేటు దగ్గర కుప్ప పడ్డాయి. ఉప్పు వానపాములకు పడదని కమలాంబ టీచరు దాన్ని మాత్రం తిప్పి పంపింది. చివరికి అమరనాథ్‌గారు గేటుకు ఒక బోర్డు పెట్టించాడు: "దిష్టి వస్తువులు పాఠశాల పనివేళలలో మాత్రమే స్వీకరించబడును." ఫిజిక్సు ఎమ్మెస్సీ చదివి ఇలాంటి బోర్డు పెట్టినవాడు ఆ సందులో ఇంకొకడు లేడు.

ఇంద్రజకు మాత్రం స్మార్ట్ బోర్డు చేజారింది. పాఠం మళ్ళీ మట్టి దగ్గరికే వచ్చింది.

డిసెంబరు మూడు. నవంబరు వానలకు మట్టి నల్లగా ఉబ్బి ఉంది. వెంకట్రామ్‌గారు నల్ల బూట్లు వేసుకుని, చేతిలో ఫైలుతో కుర్చీలో కూర్చున్నాడు. ఇంద్రజ ఒక పొడుగాటి కర్ర సంపాదించుకుంది. అన్నీ కర్రతోనే చూపించసాగింది. పిల్లలు తవ్వి తీస్తున్నారు, ఆమె మూడడుగుల దూరం నుంచి చెబుతోంది. బూజు గురించి చెప్పింది, ఆకు ఈనెల గురించి చెప్పింది. పాఠం బాగానే నడుస్తోంది. ధన్య దోసిట్లో ఒక లావుపాటి వానపామును ఎత్తి పట్టుకుంది.

వెంకట్రామ్‌గారు కుర్చీలో ముందుకు వంగాడు. "టీచరమ్మా, ఆ కర్ర పక్కన పెట్టు. చేత్తో పట్టుకుని చూపించు. నువ్వే దూరంగా నిలబడితే పిల్లకాయలకేం ధైర్యం వస్తాది?"

ఇంద్రజ కర్రను రెండు చేతులతో పట్టుకుంది. వెనకనుంచి కమలాంబ టీచరు కేక వినబడింది. "నా మట్టి ఎవురూ ముట్టుకోబాకండి! నా వానపాములు అలుగుతాయి!"

"అలిగితే అలగనీ. మట్టి నీది కాదు, బడిది. నువ్వు గమ్మునుండు కమలాంబా. చూపించమ్మా."

కార్యదర్శి మాటకు పై మాట లేదు. కమలాంబ టీచరు నోరు మూసుకోవడం బడి మొదటిసారి చూసింది. అప్పుడు ధన్యకు కంగారు పుట్టింది.

"వద్దు సార్! ఇంకా పదకొండు రోజులుండాది సార్!"

"దేనికి?"

ధన్య ట్యాంకు మూల ఉన్న పుల్లను చూపించింది. దాని అట్టముక్క మీద వస్తువు పేరు లేదు. జూన్ పద్నాలుగు, డిసెంబరు పద్నాలుగు, అని రెండు తేదీలు మాత్రం ఉన్నాయి.

"దాంట్లో ఏం పూడ్చినారు?"

"ఏమీ లేదు సార్. ఇంద్రజ టీచరుకి వానపామంటే భయం. ఆ భయం ఆర్నెల్లలో మట్టైపోతాది, అంతదాకా తవ్వబాకండి, టీచరు చేతికి ఇవ్వబాకండి, ఎవురికీ చెప్పబాకండి, అని కమలాంబ టీచరు ఒట్టు పెట్టించింది సార్. మేము ఎవురికీ చెప్పలేదు."

అని, తను చెప్పేశానని అప్పుడు గుర్తొచ్చి నాలుక కరుచుకుంది.

ఇంద్రజ ముఖం కందగడ్డ అయింది. జూన్ పద్నాలుగు. వరండా, ఖాళీ క్లాసు, బెంచీ. ఆవిడ చూసింది. చూసి, నవ్వకుండా, పిల్లలను పిలిచి పుల్ల పాతింది. ఆర్నెల్లుగా వారం వారం నలుగురిలో కేకలేసి, గయ్యాళి అనిపించుకుని, అసూయ అనిపించుకుని, తనను ఆ మట్టికి మూడడుగుల దూరంలో క్షేమంగా నిలబెట్టింది. నలభై రెండు మంది పిల్లలు ఆర్నెల్లు నోరు కట్టుకున్నారు. ఇంద్రజకు మొదట సిగ్గేసింది, తర్వాత ఆ ముసలావిడ మీద చెప్పలేనంత ప్రేమ కలిగింది, ఆ వెంటనే ఒక మాట చెబితే ఏం పోయిందని కోపమూ వచ్చింది.

"వానపామంటే భయపడే సైన్సు టీచరా?" వెంకట్రామ్‌గారు ఫైలు మూయబోయాడు.

"భయమేనండి" అంది ఇంద్రజ. కర్ర కింద పడేసి కుడిచెయ్యి చాపింది. "ధన్యా, ఇలా పెట్టు."

"టీచర్, పదకొండు రోజులు..."

"పెట్టమ్మా."

చల్లగా, తడిగా అరచేతిలో పడింది. ఇంద్రజ కళ్ళు గట్టిగా మూసుకుంది. గొంతు కీచుమంటోంది, అయినా ఆపకుండా చెప్పింది. "దీనికి, దీనికి కళ్ళుండవు. పళ్ళుండవు. మనం పారేసిందంతా ఇది తిని, మట్టిలోకి గాలికీ నీళ్ళకీ దారి చేస్తుంది. ఇది విసర్జించిందే చెట్టుకి భోజనం. అమ్మో, కదులుతోంది. కదిలితేనే మంచిది పిల్లలూ, కదలకపోతే మట్టి చచ్చిపోయినట్టు." ఒక కన్ను తెరిచి చూసింది. అది బొటనవేలి పక్కన దారి వెతుక్కుంటోంది. దానికి తనంటే ఏ అభిప్రాయమూ ఉన్నట్టు లేదు. రెండో కన్ను కూడా తెరిచింది. గొంతు నెమ్మదిగా మామూలైంది. ఉత్సాహం పట్టలేక కార్యదర్శి దగ్గరికి నడిచింది.

"మీరూ ఒకసారి పట్టుకోండి సార్."

వెంకట్రామ్‌గారు కుర్చీతో సహా మూడడుగులు వెనక్కి జరిగాడు. నాలుగో అడుగు గుమ్మడికాయల గుంటలో పడింది. బూటు చీలమండ దాకా దిగింది.

"చాలు చాలు! ఖాయం, ఖాయం చేసేసినాను!" అని అక్కడినుంచే ఫైలు మీద సంతకం పెట్టి హెడ్‌మాస్టరుకు విసిరాడు. వెళ్ళేటప్పుడు అమరనాథ్‌గారిని పక్కకు పిలిచి, "నా భయానికైతే ఎన్నాళ్ళు పడతాదో ఆ కమలాంబను అడిగి చెప్పు. సుమ్మా, ఊరికే తెలుసుకునేదానికే" అన్నాడు.

కమలాంబ టీచరు అభినందించలేదు. సరాసరి ట్యాంకు మూలకు వెళ్ళి, పుల్ల పీకి, తేదీ చూసి, వేళ్ళమీద లెక్కపెట్టి మొహం చిట్లించింది.

"పదకొండు రోజులు ముందరే అయిపోయిందే! ముప్పై ఏళ్ళలో నా గడువు తప్పింది లేదు." పిల్లలవైపు తిరిగి గుడ్లురిమింది. "తడి ఎక్కువైతేనే ఏదైనా ఇంత తొందరగా మట్టయ్యేది. ఎవుర్రా ఈ మూల నీళ్ళెక్కువ పోసింది? నిజం చెప్పండి!"

నలభై రెండు మందీ తలలు వంచుకున్నారు. ఇంద్రజ ఎడమచేత్తో కళ్ళు తుడుచుకుని రెండో చెయ్యి ఎత్తింది, వానపాము ఉన్న చెయ్యే.

"నేనేనండి, టీచర్."